ఉపగ్రహానికి నల్ల రంగు పూస్తే సరిపోదు

అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడవి దిక్కు పోతే ఇప్పటికీ చుక్కలు మస్తు కనిపిస్తయ్, కానీ పొద్దుగూకినంక కాసేపు చూస్తే వాటి నడుమ నుంచి ఇంకో చుక్క నడుచుకుంట పోతది, అది ఉపగ్రహం. దానికి సొంత వెలుగు లేదు, మనకు కింద చీకటైనా 550 కిలోమీటర్ల ఎత్తుల దానికి ఇంకా ఎండనే, ఆ ఎండే దాని మీద పడి మన కండ్లల్లకు వస్తది.

2019 మేలో స్పేస్‌ఎక్స్ కంపెనీ ఇంటర్నెట్ కోసం పంపే స్టార్‌లింక్ మొదటి 60 ఉపగ్రహాలు పోయినప్పుడే, ఈ మెరుపు టెలిస్కోప్ ఫొటోలను ఖరాబు చేస్తదని ఖగోళ శాస్త్రవేత్తలు మొత్తుకున్నరు. కంపెనీ 2020 జనవరిలో ఒకదానికి నల్ల పూత పూసి పంపింది, వెలుగు కొంత తగ్గింది కానీ నలుపు ఎండను గుంజుకొని వేడెక్కుతది, పైగా ఇన్‌ఫ్రారెడ్‌ల అంటే వేడి కిరణాలల్ల చూసే టెలిస్కోపులకు ఆ వేడే మెరుపు. తర్వాత ఎండ పడకుండ నీడ రెక్కలు పెట్టిన్రు, అవి ఉపగ్రహాల నడుమ మాట్లాడుకునే లేజర్లకు అడ్డమొచ్చినయ్. చివరికి పనికొచ్చిన ఉపాయం నలుపుకు ఉల్టా, కింది భాగానికి అద్దం లాంటి ఫిల్మ్ అతికించుడు. సున్నమేసిన గోడ మీద ఎండ పడితే ఏ మూల నుంచి చూసినా తెల్లగనే కొడతది, అద్దం అట్ల కాదు, వెలుగును ఒక్క దిక్కుకే పంపుతది, ఆ దిక్కు భూమి కాకుండ ఆకాశం వైపు ఉండేటట్టు చూసుకుంటే చాలు. నాకైతే ఈ మొత్తం కథల ఇదే గొప్ప ఆలోచన అనిపిస్తది. సోలార్ ప్యానెళ్లను కూడా జర పక్కకు తిప్పి పెడుతున్నరు.

అంతర్జాతీయ ఖగోళ సంఘం అడిగేది 7వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగిన కొద్ది మసక) కన్నా మసకగా ఉండాలని, అంటే ఉత్త కండ్లకు కనిపించొద్దు. 2022ల పోయిన బ్లూవాకర్ 3 అనే ఉపగ్రహం 64 చదరపు మీటర్ల యాంటెనా విప్పినంక ఒక దశల 0.4 దాకా మెరిసింది, ఆ హద్దుకు 400 రెట్ల పైనే.

ఇబ్రహీంపట్నం దగ్గర రంగాపూర్‌ల ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది, హైదరాబాద్ లైట్లు పెరిగి అక్కడి ఆకాశం ఖరాబైంది. ఊరి లైట్లయితే ఇంకింత దూరం పోయి తప్పించుకోవచ్చు, ఉపగ్రహం నల్లమల నడుమకు పోయినా పైననే ఉంటది. ఈ 7 అనేది ఇంకా ఉత్త సలహానే, చట్టం కాదు. మన ఇస్రో 2022, 2023ల రెండు విడతలల్ల 72 వన్‌వెబ్ కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలను శ్రీహరికోట నుంచే పంపింది, అవి 1200 కిలోమీటర్ల ఎత్తుల తిరుగుతయ్, అంత ఎత్తున రాత్రి ఇంకా ఎక్కువసేపు ఎండల ఉంటయ్. కాబట్టి మన దగ్గర సర్వీసు నడపడానికి లైసెన్స్ అడిగే కంపెనీకి ఈ మాగ్నిట్యూడ్ హద్దును షరతుగా రాయాలె.