లూ మజావ్ షోకి వెళ్ళే ముందు... పిల్లలకు ఉత్తరం

చిన్నోడికీ బంగారానికీ తాతయ్య ఆశీస్సులు.

మే 24కి మీరు షిల్లాంగ్‌లో ఉంటారట, ఆ సాయంత్రం అక్కడి రాక్ గాయకుడు లూ మజావ్ పాట వినడానికి నాన్న తీసుకెళ్తానన్నాడట, అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరో పెద్దాయన, పైగా ఫ్రీ షో, అందులో ఏముంటుందిలే అని చిన్నోడు మూతి ముడిచాడని కూడా చెప్పింది. ఒరేయ్, ఆయన గురించి కొంచెం తెలిస్తే నువ్వు ముందు వరుసలో కూర్చుంటావురా. షిల్లాంగ్‌కి రైలు లేదు కదా, గౌహతిలో దిగి కారులో కొండ ఎక్కేటప్పుడు దారిలో ఇది చదువుకోండి, దాదాపు వంద కిలోమీటర్లు, టైమ్ సరిపోతుంది.

ఆయన పుట్టింది 1947లో, షిల్లాంగ్‌లోనే, బాగా లేని కుటుంబం. గిటార్ కొనే స్తోమత లేదు, ఇంట్లో రేడియో కూడా లేదు. ఫ్రెండ్ వాళ్ళింట్లో గిటార్ ఉంటే అది పట్టుకుని మొదలుపెట్టాడు, ఎల్విస్ ప్రెస్లీ, బిల్ హేలీ అనే అమెరికా రాక్ గాయకుల పాటలు విని పిచ్చెక్కిపోయింది. మీకు ఇప్పుడు యూట్యూబ్‌లో వేళ్ళు ఎక్కడ పెట్టాలో స్లో మోషన్‌లో చూపిస్తారు, అప్పుడు అదేం లేదు, పాట వినాలి, గుర్తుపెట్టుకోవాలి, చేతికి దొరికినంత వాయించాలి, మళ్ళీ ఆ పాట ఎప్పుడు వినపడుతుందో ఏమో.

అసలు ఆ కొండల్లో ఇంగ్లీషు పాట ఏంటి అని మీకు డౌట్ రావాలి, వస్తేనే నాకు సంతోషం. 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ దేశపు మిషనరీ చిరపుంజి వచ్చాడు, ఆ కొండల్లో ఉండే ఖాసీ జనం భాషని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది ఆయనే. ఆ తర్వాత చర్చిలు వచ్చాయి, చర్చిలతో పాటు నలుగురు నాలుగు స్థాయిల్లో కలిపి పాడే అలవాటు వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆదివారం ఆదివారం అలా పాడిన పిల్లలకి చెవి ఎంత తయారై ఉంటుందో ఆలోచించండి. అయినా ఖాసీలకి అంతకుముందు సంగీతం లేదనుకోవద్దు, వాళ్ళ డప్పులు, దుయితారా అనే వాళ్ళ తీగల వాయిద్యం ఎప్పటి నుంచో ఉన్నవే. ఈ రెండూ ఉన్న ఊరికి గిటార్ వచ్చేసరికి ఇంక చెప్పేదేముంది. ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నప్పుడు నేను అప్పర్ షిల్లాంగ్‌లో పనిచేశాను కదా, సాయంత్రం లైతుమ్‌ఖ్రా వైపు నడిస్తే ఏదో ఒక ఇంట్లోంచి గిటార్ వినపడేది, అది నాకిప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం.

సరే లూ దగ్గరికొస్తా. అరవైల మధ్యలో ఆయన కలకత్తా వెళ్ళిపోయాడు. అప్పట్లో కలకత్తా పార్క్ స్ట్రీట్ అంటే మామూలు సంగతి కాదు, రెస్టారెంట్లలో, నైట్ క్లబ్బుల్లో రోజూ రాత్రి లైవ్ బ్యాండు ఉండేది, మీ అమ్మమ్మకి ఇష్టమైన ఉషా ఉతుప్ కూడా ఆ వీధిలోనే ట్రింకాస్ అనే రెస్టారెంట్‌లో పాడి పేరు తెచ్చుకుంది. లూ కూడా అక్కడి బార్లలో రకరకాల బ్యాండ్లతో పాడాడు, బ్లడ్ అండ్ థండర్ అని ఒకటి, తర్వాత గ్రేట్ సొసైటీ అని ఇంకొకటి, రాక్ తెలిసిన పాతవాళ్ళని అడిగితే ఈ పేర్లు చెప్తారు. ఆ కలకత్తా రోజుల్లోనే ఒక ఫ్రెండ్ ఆయన చేతిలో బాబ్ డిలన్ రికార్డు పెట్టాడు. అంతే.

డిలన్ ఎవరు అంటే, 1941 మే 24న అమెరికాలో మిన్నెసోటాలో పుట్టాడు, గొంతు తీయగా ఉండదు, ముక్కుతో పాడినట్టుంటుంది, మొదటిసారి వింటే మీకు నచ్చకపోవచ్చు కూడా. కానీ మాటలు వినాలి. యుద్ధం గురించి, తెల్లవాళ్ళు నల్లవాళ్ళని ఎలా చూస్తున్నారన్న దాని గురించి ఇరవై రెండేళ్ళకే పాటలు కట్టాడు, 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారు, పాటలు రాసేవాడికి ఆ ప్రైజు ఏంటని పెద్ద గొడవే జరిగింది. నన్నడిగితే ఇవ్వాల్సిందే, అన్నమయ్య పదాలు సాహిత్యం అని ఒప్పుకునే మనకి అందులో అనుమానం ఎందుకు.

1972లో లూ షిల్లాంగ్‌లో డిలన్ పుట్టినరోజుకి ఆయన పాటలతో ఒక ప్రోగ్రాం పెట్టాడు. మేఘాలయ విడి రాష్ట్రంగా ఏర్పడింది కూడా ఆ సంవత్సరం జనవరిలోనే, అంటే ఆ రాష్ట్రం వయసూ ఈ ప్రోగ్రాం వయసూ ఒకటే. అప్పటి నుంచి ఏటా మే 24 వస్తే లూ డిలన్ పాటలు పాడాల్సిందే. మన ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఏటా అదే కల్యాణం, అవే పద్యాలు, అయినా జనం వస్తారు చూడండి, అలా అయిపోయింది. డిలన్ ఏనాడూ షిల్లాంగ్ వచ్చి పాడలేదు. ఆయన వస్తాడని లూ ఈ ప్రోగ్రాం పెట్టింది కాదు, డబ్బు కోసం అంతకన్నా కాదు, ఆ పాటలు తనకి ఇచ్చినదాన్ని తన ఊరి వాళ్ళకి పంచాలని, అది కూడా యాభై ఏళ్ళు దాటి.

ఇక్కడే మీరు ఒకటి అడుగుతారు నాకు తెలుసు, వేరేవాళ్ళ పాటలు పాడితే గొప్పేముంది తాతయ్యా, సొంతవి లేవా అని. సొంతవీ ఉన్నాయి, రాశాడు, పాడాడు. కానీ ఇంకొకరి పాటని యాభై ఏళ్ళు మోయడం తేలిక అనుకోకండి. ఇరవై ఐదేళ్ళ వయసులో పాడిన పాటే డెబ్భై దాటాక పాడితే అదే మాట వేరేగా పలుకుతుంది, మధ్యలో బతికిన బతుకంతా అందులోకి వచ్చేస్తుంది. పోయిన ఏడాది ఎలా పాడాడో అలాగే పాడితే జనానికి తెలిసిపోతుంది, అందుకని ప్రతిసారీ ఆ పాట దగ్గరికి కొత్తగా వెళ్ళాలి. బొంబాయి వెళ్ళి సినిమాల్లో ప్రయత్నించి ఉంటే ఏమయ్యేదో మనకి తెలీదు కానీ, ఆయన మాత్రం కొండ మీదకి తిరిగొచ్చి ఊళ్ళో పిల్లలకి గిటార్ అంటే భయం లేకుండా చేశాడు. ఆయన్ని చూస్తూ పెరిగినవాళ్ళు ఇవాళ దేశమంతా తిరిగి వాయిస్తున్నారు.

ఆయన్ని చూడగానే నవ్వొద్దు. తెల్లటి పొడుగు జుట్టు, మోకాళ్ళకి చాలా పైకి కత్తిరించిన జీన్స్ నిక్కరు, ఎనభైకి దగ్గరపడిన మనిషి స్టేజీ మీద గెంతుతాడు. ఆ నిక్కరు ఆయన గుర్తు, ఎన్నో ఏళ్ళుగా అదే వేషం, ఎవరేమనుకుంటారో అన్న బెంగ లేదు.

వెళ్ళే ముందు నాన్న ఫోన్లో డిలన్ పాట బ్లోయింగ్ ఇన్ ది విండ్ రెండుసార్లు వినండి, అర్థం కాని మాటలు అమ్మనడగండి. అక్కడ ఫోన్ తీసి వీడియో పట్టుకుంటూ కూర్చోకండి, కళ్ళతో చూడండి. బంగారం గిటార్ క్లాసుకి వెళ్తోంది కదా, ఆయన కుడి చెయ్యి చూడమ్మా, ఎడమ చెయ్యి ఎవరైనా చూస్తారు, పాట నడిచేది కుడి చేతిలో. మేలో అక్కడ సాయంత్రం వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, స్వెట్టరు, గొడుగు మర్చిపోకండి. షో అయ్యాక ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యండి, ఏ పాటలు పాడాడో వరసగా చెప్పాలి, నేను మేలుకునే ఉంటాను.

మీ
తాతయ్య