ఆ 47వ క్రోమోజోము ఎప్పుడు చేరింది? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్‌ని. మొన్న టెక్కలి వైపు నుంచి ఒకావిడ మనవణ్ని తీసుకొచ్చారు. బాబు రక్తం కేరియోటైప్ పరీక్షకి (కణంలోని క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్ష) విశాఖ పంపితే రిపోర్టు వచ్చింది: 47, ఎక్స్‌వై, +21. అంటే మగబిడ్డ, మామూలుగా ఉండే 46 క్రోమోజోములకు బదులు 47, అదనంగా ఉన్నది 21వది. డౌన్ సిండ్రోమ్ అంటే ఇదే. "గ్రహణం నాడు గడప దాటొద్దంటే ఇనలేదు బాబూ" అన్నారావిడ. కోడలు తల ఎత్తలేదు.

అపోహ: గర్భిణి చేసిన తప్పు వల్ల ఇలా పుడతారు.

వాస్తవం: ఆ అదనపు క్రోమోజోము దాదాపు ఎప్పుడూ కడుపు పడకముందే, ఎక్కువగా అండంలోనే చేరిపోతుంది. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో విభజన మొదలై, మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ కదిలేది ఆ అండం విడుదలయ్యే ముందే. 35 ఏళ్ల తల్లి అండం అంటే 35 ఏళ్లకు పైగా అలా ఆగి ఉన్నదన్నమాట. క్రోమోజోములను కలిపి ఉంచే కోహెసిన్ ప్రోటీన్లు అన్నేళ్లలో సడలుతాయి, పంపకం తప్పుతుంది. 21వ క్రోమోజోము ఒకటి వెళ్లాల్సిన చోటికి రెండు వెళ్తాయి. తండ్రిది కలిసి మూడవుతాయి. ఇందులో గ్రహణం ఎక్కడుంది? బొప్పాయి ఎక్కడుంది?

అపోహ: మేనరికం వల్లే.

కాదు. దగ్గరి సంబంధాల్లో పెరిగేది వేరే రకం జన్యు జబ్బుల ముప్పు. ఈ పంపకం పొరపాటుకి బంధుత్వంతో పని లేదు.

అపోహ: వయసు మళ్లిన తల్లులకే వస్తుంది.

35 దాటాక ముప్పు బాగా పెరుగుతుంది, నిజమే. ఆ వయసులో సుమారు 350 కాన్పుల్లో ఒకటి, 40కి 100లో ఒకటి. కానీ కాన్పులు ఎక్కువ చిన్న వయసు వాళ్లకే కాబట్టి, ఇలాంటి పిల్లల తల్లుల్లో వాళ్లూ చాలామంది ఉంటారు. ఈ కోడలికి 23.

మరో మాట. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల తేడాలే. బిందె ఎత్తిందనో, బస్సెక్కిందనో ఆ పిల్లని అనకండి.

అపోహ: మళ్లీ ఇలాగే పుడతారు.

కోడలు అడిగిన ఒకే ప్రశ్న ఇది. రిపోర్టులో 47 ఉంటే, తల్లి చిన్న వయసుదైతే, మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి దాకా. 21వది వేరే క్రోమోజోముకి అతుక్కున్న రకం, నూటికి మూడు నాలుగు కేసుల్లో ఉంటుంది. అప్పుడు మాత్రం తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయాలి. ఆరోగ్యంగా ఉన్న తండ్రి నుంచి కూడా అది రావచ్చు.

బాబుకి గుండె ఎకో ఇంకా తీయలేదు. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. ఎకోకి, థైరాయిడ్‌కి రాసిచ్చాను. చీటీ అత్తగారే అందుకున్నారు.