బేస్ వినిపించడం లేదా? బేస్ గిటార్ చుట్టూ అల్లుకున్న అపోహలు - వాస్తవాలు

ప్రదర్శన ముగిసి కేబుళ్లు చుట్టుకుంటూ ఉంటే, కొత్తగా బేస్ గిటార్ పట్టిన కుర్రవాళ్లు దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మీ ఆంప్ ఎన్ని వాట్లు అన్నా?" ఆంప్ అంటే వాద్యం ధ్వనిని పెంచే యాంప్లిఫయర్. దాని మీద మధ్య స్వరాలను పెంచి తగ్గించే మిడ్ నాబ్ ఎక్కడ పెట్టారని, ఏ తీగలు వాడుతున్నారని అడిగినవాళ్లు అరుదు. ఆ ప్రశ్న వెనకున్న బాధ నాకు బాగా తెలుసు. డ్రమ్స్, రెండు గిటార్లు, కీబోర్డు ఒక్కసారిగా అందుకునేసరికి తన వాద్యం తనకే వినిపించదు. వాట్లు చాలలేదని అనుకుంటాడు. నేను కూడా అలాగే అనుకుని పెద్ద ఆంప్ కొన్నాను. వినిపించలేదు. అక్కడి నుంచే ఒక్కొక్క నమ్మకాన్నీ చెవితో పరీక్షించడం మొదలుపెట్టాను.

అపోహ: వినిపించాలంటే బేస్ నాబ్ పెంచాలి

దీన్నే ముందు తీసుకుంటున్నాను. మిగతా అపోహల్లో సగం దీని కడుపున పుట్టినవే.

ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) నాబ్‌లు పెంచి మిడ్ తగ్గిస్తే ధ్వని ఎంతో నిండుగా ఉంటుంది. కింద గుండెకు తగిలే లోతు, పైన తీగ మెరుపు. అదే అమరికతో వేదిక ఎక్కితే లోతంతా కిక్ డ్రమ్‌లో, మెరుపంతా సింబల్స్‌లో కలిసిపోతుంది. ఏ స్వరం పలుకుతోందో చెవి పోల్చుకునే భాగం సుమారుగా 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని మన చేత్తో మనమే తీసేశాం.

ఒకసారి సౌండ్ చెక్‌లో నా బేస్‌ను మా గిటారిస్టుకు ఇచ్చి, అందరినీ వాయించమని చెప్పి, హాలు మధ్యకు నడిచి వెళ్లి నిలబడ్డాను. కింద నుంచి ఒక మూలుగు మాత్రం వస్తోంది. స్వరం ఎప్పుడు మారిందో తెలియడం లేదు. తిరిగి వెళ్లి బేస్ నాబ్‌ను మధ్య గీతకు కాస్త కిందకు దించి, లో-మిడ్‌ను కొద్దిగా పెంచాను. వాల్యూమ్ ముట్టుకోలేదు. మళ్లీ అదే చోట నిలబడి విన్నాను. వేలు తీగను వదిలిన క్షణం, స్వరం ఆగిన క్షణం, రెండూ స్పష్టంగా తెలిశాయి. ఆ రోజు నుంచి నేను ఒంటరిగా ఉన్నప్పుడు ఈక్యూ, అంటే ఈ నాబ్‌ల అమరిక, నిర్ణయించుకోవడం మానేశాను.

దీనికి కారణం స్వరం నిర్మాణంలోనే ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది ఇ తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. కానీ వేదిక మీది స్పీకర్ల నుంచి మనకు చేరే ధ్వనిలో ఆ మూల స్వరం కంటే దానికి రెట్టింపైన 82, మూడు రెట్లైన 124 హెర్ట్జ్ హార్మోనిక్స్ బలంగా ఉండడం మామూలే. వాటిని విని మెదడు అడుగున ఉన్న స్వరాన్ని తనంతట తాను పూరించుకుంటుంది. ఫోను స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేదు. అయినా ఫోనులో పాట వింటూ బేస్ నడకను పట్టుకోగలుగుతున్నామంటే కారణం ఇదే. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్, దానితో వాడే, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న మూసిన పెట్టె, దశాబ్దాలుగా రాక్ వేదికలకు కొలమానంగా నిలిచాయి. ఆ పెట్టె అట్టడుగు స్వరాల్లో అంత బలమైనదేమీ కాదు. దాని బలమంతా ఆ పైభాగంలో, స్వరానికి ఆకారం ఇచ్చే చోట ఉంది.

అపోహ: వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు

ధ్వని తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి అది "కాస్త పెరిగింది" అనిపించేంత మాత్రమే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి. 300 వాట్ల నుంచి 600కు మారినవాడు నిరాశపడేది ఇందుకే.

అందరూ చూడాల్సిన అంకె స్పీకర్ సున్నితత్వం. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పే కొలత అది. 97 డెసిబెల్స్ ఉన్న పెట్టె స్థానంలో 100 ఉన్నది పెడితే ఆంప్ మార్చకుండానే వాట్లు రెట్టింపు చేసినట్టు. ఇంకా మంచి మార్గం, అదే రకం పెట్టె ఇంకొకటి జత చేయడం. ఆంప్ అందుకు ఒప్పుకుంటే కింది స్వరాల్లో 5, 6 డెసిబెల్స్ దాకా పెరుగుదల కనిపిస్తుంది. రెండు పెట్టెలనూ పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి. పక్కపక్కన పెడితే హాలులో ఒక్కో చోట పై స్వరాలు ఒక్కో రకంగా వినిపిస్తాయి.

వాట్లు అనవసరమని నేను అనడం లేదు. మంద్ర స్వరాలు శక్తిని తాగేస్తాయి. గట్టిగా మీటిన క్షణంలో ధ్వని నలగకుండా ఉండడానికి ఆ నిల్వ కావాలి.

అపోహ: చిన్న ఆంప్ పెద్ద స్పీకర్‌ను కాల్చేస్తుంది

స్పీకర్ తక్కువ శక్తికి చావదు. ఎక్కువ వేడికి లోపలి తీగచుట్ట (వాయిస్ కాయిల్) కాలిపోతుంది, లేదా ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే కోన్ హద్దు దాటి కదిలి చిరిగిపోతుంది. ఈ నమ్మకంలో ఉన్న నిజం పాలు ఎంతో చెబుతాను. ఆంప్‌ను శక్తికి మించి తోస్తే తరంగం కొనలు తెగిపోతాయి. పూర్తిగా తెగిపోయిన తరంగం ఆంప్ మీద రాసి ఉన్న అంకెకు రెండింతల శక్తిని మోసుకొస్తుంది. 200 వాట్ల ఆంప్ 400 దాకా ఇవ్వవచ్చు. 300 వాట్ల పెట్టెకు అది ప్రమాదమే, 800 వాట్ల పెట్టెలోని పెద్ద స్పీకర్లకు కాదు. అయితే పై స్వరాల కోసం ఉండే చిన్న స్పీకర్, ట్వీటర్ మాత్రం జాగ్రత్త, తెగిన తరంగంలోని పై స్వరాలు దాన్ని దెబ్బతీయగలవు.

గిటార్ ఆంప్‌లో బేస్ వాయించడం దీనికంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. గిటార్ స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ కదలగలిగే దూరం చాలా తక్కువ. మెల్లగా సాధన చేసుకోవచ్చు. డ్రమ్స్‌తో పోటీ పడాలని చూస్తే మాత్రం స్పీకర్‌పై ఆశ వదులుకోవాల్సిందే.

అపోహ: ఏ కేబులైనా కేబులే, ఎన్ని పెట్టెలైనా తగిలించవచ్చు

ఒక రిహార్సల్లో స్పీకర్ కేబుల్ మరిచిపోయి, ఆంప్ నుంచి పెట్టెకు గిటార్ కేబుల్ తగిలించాం. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి సరిగ్గానే అమరింది. అరగంటకు ప్లాస్టిక్ మాడుతున్న వాసన వచ్చింది. ప్లగ్ ముట్టుకుంటే వేలు పెట్టలేనంత వేడి. గిటార్ కేబుల్లో సన్నని తీగ ఒకటి, దాని చుట్టూ కవచంలా అల్లిక ఉంటాయి. చిన్న సంకేతాన్ని రొద అంటకుండా తీసుకుపోవడానికి చేసిన కేబుల్ అది. స్పీకర్‌కు వెళ్లేది కరెంటు. దానికి రెండు లావుపాటి తీగలు కావాలి. నా సంచిలో ఇప్పుడు స్పీకర్ కేబుళ్లకు రెండు కొసల దగ్గరా ఎర్ర టేపు చుట్టి ఉంటుంది.

ఓమ్‌ల లెక్క, అంటే పెట్టె కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, కూడా తల పట్టుకునేంత కష్టమైనది కాదు. రెండు 8 ఓమ్‌ల పెట్టెలు సమాంతరంగా కలిస్తే 4. ఒక 8, ఒక 4 కలిస్తే 2.67. ఆంప్ వెనక "కనిష్ఠం 4" అని ఉంటే ఆ రెండోది కుదరదు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు పెట్టె తగిలించకపోయినా సాధారణంగా ఏమీ కాదు. వాల్వ్ ఆంప్‌ను మాత్రం పెట్టె లేకుండా ఎప్పుడూ వాయించకండి, దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

అపోహ: మంద్ర స్వరం విచ్చుకోవడానికి దూరం కావాలి

41 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 8.3 మీటర్లు. కాబట్టి ఎనిమిది మీటర్ల అవతల నిలబడితే తప్ప ఆ స్వరం "పుట్టదు" అని ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా చెబుతారు. అదే నిజమైతే చెవికి అంగుళం దూరంలో ఉండే హెడ్‌ఫోనులో బేస్ వినిపించకూడదు. చెవి పొరకు కావలసింది గాలి ఒత్తిడిలో మార్పు, తరంగం మొత్తం ముందు పరుచుకుని ఉండక్కర్లేదు.

మరి వాయించేవాడికి వినిపించక, దూరాన ఉన్నవాళ్లకు ఎందుకు హోరెత్తుతోంది? రెండు కారణాలు. స్పీకర్ పై స్వరాలను సూటిగా ముందుకు కొడుతుంది. పెట్టె నేల మీద ఉంటే అవి మన పిక్కలకు తగులుతాయి, చెవికి చేరవు. స్పష్టత చాలక మనం వాల్యూమ్ పెంచుతాం, ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడతారు. పెట్టెను వెనక్కి వాలేలా ఒరిగించండి, లేదా ఛాతీ ఎత్తుకు లేపండి.

రెండోది గోడ. పెట్టెకు ఒక మీటర్ వెనక గోడ ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చే తరంగం 86 హెర్ట్జ్ దరిదాపుల్లో ముందుకు పోయే తరంగాన్ని కొట్టేస్తుంది. ఇ తీగకు బలమైన 82 హెర్ట్జ్ సరిగ్గా ఆ గోతి అంచునే ఉంది. పెట్టెను గోడకు దాదాపు ఆనించి చూడండి, ఒక నాబ్ కూడా ముట్టుకోకుండా ధ్వని మారుతుంది.

అపోహ: లోతుకు 15 అంగుళాల స్పీకర్, బిగువుకు 10 అంగుళాలది

స్పీకర్ వ్యాసం ఒక్కటే ఏమీ తేల్చదు. పెట్టె పరిమాణం, దాని రంధ్రం, కోన్ కదలగలిగే దూరం కలిసి నిర్ణయిస్తాయి. చిన్న పెట్టె, లోతైన స్వరం, తక్కువ శక్తితో ఎక్కువ మోత, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. ఇక బరువును బట్టి ధ్వనిని అంచనా వేయకండి. తేలికైన నియోడిమియం అయస్కాంతాలు, తక్కువ బరువుండే క్లాస్-డి రకం ఆంప్‌లు వచ్చాక ఒక చేత్తో మోసే సరంజామాతో నేను పెద్ద హాళ్లలో వాయించాను.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే ట్రస్ రాడ్ తిప్పాలి

ట్రస్ రాడ్ అంటే మెడ లోపల ఉండే లోహపు కడ్డీ. అది మెడ వంపును సరిచేయడానికి ఉంది. తీగల ఎత్తు వాటి కింది కొస ఆనే బ్రిడ్జ్ దగ్గర సరిచేయాలి. నాలుగు తీగల లాగుడు మొత్తం 70 కిలోలకు మించి ఉంటుంది. రాడ్ ఎదిరించేది ఆ లాగుడినే.

బేస్‌ను ముందు శ్రుతి చేయండి. ఇ తీగను మెడ మీది లోహపు గీతల్లో (ఫ్రెట్లలో) మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమచేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర కుడి మోచేత్తో నొక్కి పట్టుకోండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే రాడ్ జోలికి పోవద్దు. సందు ఎక్కువగా ఉంటే పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. గట్టిగా పట్టేస్తే బలం పెట్టకండి, రిపేరు తెలిసినవారికి ఇవ్వండి.

అపోహ: పిక్‌తో వాయించేవాడు అసలైన బేసిస్టు కాడు

పిక్ అంటే తీగను మీటే చిన్న ముక్క. ఎన్నో రికార్డులకు వాయించిన అమెరికన్ బేసిస్టు కేరల్ కే స్టూడియోల్లో పిక్‌తోనే వాయించారు. బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్‌నీ చేతిలో కూడా ఎక్కువగా కనిపించేది పిక్కే. ఇంకోవైపు అమెరికా పాటల కంపెనీ మోటౌన్ రికార్డుల వెనకున్న బేసిస్టు జేమ్స్ జేమర్సన్ కుడి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవారు. ఆయన తన ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీది నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలను తెగితే తప్ప మార్చేవారు కాదు. పాత తీగలు పనికిరావన్న మాటకూ ఇదే జవాబు. కానీ స్లాప్ పద్ధతిలో, అంటే తీగను బొటనవేలితో కొట్టి, వాయించే గరుకైన రౌండ్‌వౌండ్ తీగల మీద ఈ పద్ధతి నడవదు, చెమట పట్టి మెరుపు పోతుంది. ఏ ధ్వని కావాలో తేల్చుకున్నాకే తీగల మాట.

అపోహ: యాక్టివ్ బేస్ గట్టిగా పలుకుతుంది

యాక్టివ్ అంటే వాద్యంలోనే బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ (ప్రీఆంప్) ఉందని అర్థం. మోత కంటే అది ఇచ్చే ముఖ్యమైన లాభం వేరే. పొడవాటి కేబుల్లో కూడా పై స్వరాలు పోవు, ఈక్యూ చేతి కింద ఉంటుంది. చాలా యాక్టివ్ బేస్‌లలో ప్లగ్ పెట్టగానే బ్యాటరీ ఖర్చు కావడం మొదలవుతుంది, వాయించకపోయినా సరే. రాత్రంతా ప్లగ్ పెట్టి వదిలేస్తే మర్నాడు సౌండ్ చెక్‌లో ధ్వని నలిగి, గరగరలాడి ఆగిపోతుంది.

అపోహ: మంద్ర స్వరాలు చెవికి హాని చేయవు

ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. బేసిస్టు నిలబడేది మామూలుగా డ్రమ్మర్ హై-హ్యాట్ (కాలితో నడిపే జంట సింబల్) పక్కన. మన చెవిని తినేది మన వాద్యం కంటే ముందు ఆ సింబలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు పరిమితి. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే, మూడు, నాలుగు పాటలు. మామూలు స్పాంజి ప్లగ్‌లు పై స్వరాలనే ఎక్కువగా కోసేస్తాయి, అందుకే వాటితో బ్యాండ్ దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. మొదటి రెండు రిహార్సళ్లలో వింతగా ఉంటుంది, మూడోసారికి అలవాటైపోతుంది. నా ప్లగ్‌ల డబ్బీ ట్యూనర్ ఉండే అరలోనే ఉంటుంది. శ్రుతి చేసుకోవడానికి చెయ్యి పెట్టినప్పుడు అదీ చేతికి వస్తుంది.