మారువేషాలు: మేకప్ గదిలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నాటకాలకీ సినిమాలకీ మేకప్ వేయడం నా పని. ఈ వృత్తి సంగతి తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఓ మీసం అతికించుకుని వస్తే ఎదుటివాళ్లు గుర్తుపట్టలేరా? కథ కాబట్టి సరిపోయింది గానీ, నిజంగా అయితే కుదురుతుందా?"

ఎదుటివాళ్లు అంటే ఎవరు అన్నదాని మీద జవాబు ఆధారపడి ఉంటుంది. కన్నతల్లి గుర్తుపట్టకపోవడం వేరు, గేటు దగ్గర కాపలావాడు గుర్తుపట్టకపోవడం వేరు. కథల్లో మారువేషాల గురించి వినిపించే అపోహల్లో చాలామటుకు ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టినవే.

అపోహ: కళ్లజోడు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ మోసపోరు.

కొత్తవాళ్లు మోసపోతారు. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చిన దగ్గర్నుంచీ, మామూలు మనిషిగా తిరిగేటప్పుడు అతను పెట్టుకునే కళ్లజోడు మీద విమర్శలు ఆగలేదు. 2016లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ముక్కూముఖం తెలియనివాళ్ల ఫొటోలు రెండేసి చూపించి, ఇద్దరూ ఒకరేనా కాదా చెప్పమన్నారు. రెండు ఫొటోల్లోనూ కళ్లజోడు ఉన్నప్పుడు, లేదా రెంటిలోనూ లేనప్పుడు దాదాపు 80 శాతం జవాబులు సరిగ్గా వచ్చాయి. ఒక ఫొటోలోనే ఉన్నప్పుడు అది 74 శాతం దగ్గరికి పడిపోయింది. ఫొటోలు కళ్లముందే ఉన్నా, తీరిగ్గా పోల్చి చూసుకునే వీలున్నా ఆ తేడా వచ్చింది.

అయితే ఆ కథల్లో అతని తోటి విలేకరి లోయిస్ లేన్ కొత్త మనిషి కాదు. ఒకే ఆఫీసులో రోజూ కలిసి పనిచేస్తుంది. ఆమె విషయంలో కళ్లజోడు ఒక్కటే సరిపోదు. ఆ పాత్రకి వంగిన భుజాలు, బెరుకు, తడబడే మాట కూడా ఇచ్చింది అందుకే. నా దృష్టిలో ఆ వేషాన్ని మోసేది ఆ భుజాలే.

తెలిసిన ముఖాన్నీ తెలియని ముఖాన్నీ మనం ఒకేలా చూడం. బాగా తెలిసినవాళ్లని కళ్లు, ముక్కు, నోరు ఉన్న మధ్యభాగాన్ని బట్టి పోల్చుకుంటాం. కొత్తవాళ్ల విషయంలో జుట్టు మీద, ముఖం ఆకారం మీద ఎక్కువ ఆధారపడతాం. 1979 నాటికే దీని మీద పరిశోధనలు వచ్చాయి. ఒక్క విగ్గుతో కాపలావాణ్ణి దాటిపోవచ్చు, కానీ తోబుట్టువు ముందు అదే విగ్గు ఎందుకూ పనికిరాదు. ముఖాలు పోల్చడమే ఉద్యోగమైనవాళ్లకి కూడా ఇది తేలిక కాదు. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారుల మీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఎదురుగా నిలబడ్డ మనిషిదీ వేరొకరి ఫొటోదీ ఒకే ముఖమని వాళ్లు 14 శాతం సార్లు ఒప్పేసుకున్నారు.

అపోహ: మీసం, గడ్డం ఎంత పెద్దగా ఉంటే వేషం అంత గట్టిది.

ఒత్తుగా ఉన్న పెట్టుడు మీసం చూపుని లాగుతుంది. పైపెదవి నిమిషం కూడా ఊరికే ఉండదు. మాట్లాడినా నవ్వినా కదులుతూనే ఉంటుంది, దానికి చెమట తోడు. మీసం అతికించే జిగురు, స్పిరిట్ గమ్, ముందు మూతి చివర్ల దగ్గర వదులుతుంది. దూరం నుంచి చూసే నాటకంలో అది చెల్లిపోతుంది గానీ, క్లోజప్‌లో మీసం వెంట్రుకలు కుట్టిన సన్నటి వలగుడ్డ (లేస్) అంచు లేచిందంటే ఆ షాట్ పోయినట్టే.

నన్నడిగితే ముందు కనుబొమల సంగతి చూడమంటాను. 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో పేరున్నవాళ్ల ఫొటోల్లో కళ్లు చెరిపేస్తే కంటే కనుబొమలు చెరిపేస్తేనే గుర్తుపట్టడం ఎక్కువ కష్టమైంది. ఇది మా పనిలో రోజూ కనిపించేదే. పిల్లలు వాడే జిగురు కడ్డీతో కనుబొమ వెంట్రుకల్ని చర్మానికి అదిమి, చదునుగా నొక్కి, ఆరాక పౌడర్ అద్దుతాం. మళ్లీ జిగురు, మళ్లీ పౌడర్. వెంట్రుకల గరుకు వేలికి తగలకుండా పోయాక ఒంటిరంగు ఫౌండేషన్ వేసి, పాతదానికి కాస్త పైన కొత్త కనుబొమ గీస్తాం. మీసం లేదు, విగ్గు లేదు. అయినా అద్దంలో చూసుకున్న నటులు ఒక్క క్షణం మాట్లాడరు.

ఇక్కడే ఇంకో సంగతి. వేషంతో చేర్చగలం గానీ తీసేయలేం. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో మారువేషాల విభాగానికి అధిపతిగా చేసిన జోనా మెండెజ్ కూడా ఇదే చెబుతారు. మనిషిని పొడుగు చేయొచ్చు, లావు చేయొచ్చు, ముసలివాణ్ణి చేయొచ్చు. పొట్టి చేయడం, సన్నం చేయడం కుదరదు. భారీ మనిషిని సన్నపాటి కుర్రాడిగా చూపించే సీన్ రాసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అపోహ: గొంతు మార్చకపోతే దొరికిపోతారు.

గొంతు మార్చి మాట్లాడటం చాలా కష్టం, కాసేపటికి అసలు గొంతు వచ్చేస్తుంది. మాట్లాడే అవసరమే లేకుండా చూసుకోవడం తెలివైన పని. 1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తాలో గృహనిర్బంధం నుంచి తప్పించుకున్నారు. గడ్డం పెంచి, ముహమ్మద్ జియావుద్దీన్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్‌గా బయలుదేరారు. పెషావర్ దాటి కాబూల్ వెళ్లే దారిలో మాత్రం ఆ వేషం పనికిరాదు, ఎందుకంటే ఆయనకి పష్తో భాష రాదు. అక్కడ చెవిటి, మూగ పఠాన్‌గా మారారు. మాటలన్నీ వెంట ఉన్న భగత్ రామ్ తల్వార్ చూసుకున్నారు. లోపాన్ని దాచడానికి పాత్రనే మార్చుకున్నారన్నమాట. ఏ కథకుడు రాసినా ఇంతకన్నా బాగా కుదరదు.

అపోహ: మారువేషానికి మోసపోయే పాత్రలు తెలివితక్కువవి.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. విరాటపర్వం ఒకసారి శ్రద్ధగా చదవండి. వంటవాడిగా పని అడగడానికి వచ్చిన భీముణ్ణి చూసి విరాటరాజు, నువ్వు వంటవాడివంటే నమ్మలేను అంటాడు. సైరంధ్రిగా వచ్చిన ద్రౌపదిని చూసి రాణి సుదేష్ణ, ఈ అందం దాసీది కాదు అంటుంది, తన భర్త మనసు ఎక్కడ చలిస్తుందో అని భయపడుతుంది కూడా. అంటే అనుమానం వచ్చింది, పైకి అనేశారు కూడా. అయినా వేషం నిలబడింది.

కారణం పాండవులు చెప్పుకున్న కథ. మేం ఇంతకుముందు ధర్మరాజు కొలువులో పనిచేశాం అన్నారు. ఇంత రాచఠీవి, ఇంత నేర్పు ఎక్కడివి అన్న అనుమానానికి ఆ ఒక్క మాటలోనే జవాబు ఉంది. పైగా ఎవరూ తమకి చేతకాని పని నెత్తిన పెట్టుకోలేదు. భీముడు వంటింటికి, నకులుడు గుర్రాల దగ్గరికి, సహదేవుడు ఆవుల దగ్గరికి. చేతులు పనికి అలవాటుపడినట్టు కదులుతుంటే ముఖం వైపు ఎవరు చూస్తారు?

అర్జునుడి విషయంలో ఒక చిన్న వివరం ఉంది. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకి ముందు అదే చెబుతాను. రెండు చేతులతోనూ బాణం వేసేవాడు కాబట్టి అల్లెతాడు ఒరుసుకుని రెండు చేతులకీ కాయలు కాచి ఉంటాయి. ఆ మచ్చలు దాచడం కష్టమని అతనే అంటాడు. వాటి మీద గాజులు వేసుకుంటానంటాడు. బృహన్నల వేషానికి గాజులు సహజం, అడిగేవాడు ఉండడు. కప్పడానికి వాడిన వస్తువు పాత్రకి ఎలాగూ ఉండాల్సినదే అయితే అది కప్పినట్టు కనిపించదు. గ్రీకు కావ్యం ఒడిస్సీలో బిచ్చగాడి వేషంలో సొంతింటికి వచ్చిన ఒడిస్యూస్‌కి ఆ సదుపాయం లేదు. ముసలి దాది కాళ్లు కడుగుతూ కాలి మీది పాత మచ్చని తడిమింది, పట్టేసింది.

ఇలా పాత్రకీ పరిసరానికీ పొత్తు కుదరకపోతే ఎంత మంచి బట్టలూ కాపాడవు. 1791 జూన్‌లో ఫ్రాన్స్ రాజు 16వ లూయీ సేవకుడి వేషంలో పారిస్ నుంచి పారిపోయాడు. కానీ ఎక్కింది అందరూ తిరిగి చూసే భారీ గుర్రపు బండి, కూర్చున్నది కుటుంబంతో పాటు లోపల. దారిలో ద్రూయే అనే పోస్టుమాస్టర్ గుర్తుపట్టాడు, వరెన్ అనే ఊళ్లో ఆపేశారు.

చూసేవాళ్ల ధ్యాస ఎంత వదులుగా ఉంటుందో 1998లో వెలువడిన ఓ ప్రయోగం చూపించింది. దారి అడుగుతున్న మనిషికీ దారి చెబుతున్న మనిషికీ మధ్యలోంచి కొందరు ఓ తలుపు మోసుకెళ్తారు. ఆ మరుగున అడిగే మనిషి మారిపోతాడు. 15 మందిలో ఆ మార్పు గమనించింది ఏడుగురే. మిగతా ఎనిమిది మందీ కొత్త మనిషికి దారి చెప్పడం కొనసాగించారు. వాళ్లూ తెలివితక్కువవాళ్లు కారు. దారి చెప్పే పనిలో ఉన్నారు, అంతే.

అపోహ: బాగా వేసిన మారువేషం ప్రేక్షకుడికీ తెలియకూడదు.

సస్పెన్స్ కోసం దాచిన సందర్భాలు వదిలేస్తే, మా దగ్గరికి వచ్చే పని దీనికి పూర్తిగా ఉల్టా. ప్రేక్షకుడు వెంటనే గుర్తుపట్టాలి, పక్కనున్న పాత్ర గుర్తుపట్టకూడదు. దొరికిపోతాడేమోనన్న టెన్షన్ అంతా ఆ తేడాలోనే ఉంది. అందుకే తెర మీద మారువేషం పల్చగా కనిపిస్తుంది. అది పొరపాటు కాదు, కావాలని అలా వేస్తాం. నటుడి కళ్ల జోలికి వెళ్లం. నోటిని మరీ కప్పేయం. నవ్వో, చూపో, చెయ్యి తిప్పే తీరో, అసలు మనిషిది ఏదో ఒకటి బయటికి వదులుతాం. ఎదుటి పాత్ర ఏ వైపు నిలబడుతుందో డైరెక్టర్‌ని ముందే అడిగి కనుక్కుంటాం. ఆ వైపు చెంపకి గడ్డం కాస్త ఒత్తుగా, కెమెరా వైపు చెంపకి పల్చగా వేస్తాం.