సంతకం లేని అగ్రిమెంటు: అపోహలు – వాస్తవాలు

హిమాయత్‌నగర్‌లోని మా లాయర్ ఆఫీసుకు బకాయిల గొడవతో వచ్చే చిన్న వ్యాపారులు కూర్చోగానే అనే మాట దాదాపు ఒకటే: "క్లయింటు సంతకం పెట్టలేదండీ, ఇక మన చేతిలో ఏముంది?" ఫోన్ తెరిచి చూపించమంటే, చాలాసార్లు అందులోనే కావలసినంత ఉంటుంది.

అపోహ: సంతకం పడకపోతే ఒప్పందమే లేదు.

వాస్తవం: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, ఇరుపక్షాల అర్హత, చట్టబద్ధమైన ప్రతిఫలం, చట్టబద్ధమైన ఉద్దేశం ఉంటే ఒప్పందం చెల్లుతుంది, వేరే చట్టం ప్రత్యేకంగా కోరిన సందర్భాల్లో మాత్రమే రాతపూర్వకంగా ఉండాలన్న నియమం వర్తిస్తుంది. అంగీకారాన్ని నోటితోనే కాక చేతల ద్వారా కూడా తెలపవచ్చు.

కొండాపూర్‌లో ఒక ఆఫీసుకు పని చేసిన ఇంటీరియర్ డిజైనర్ ఆ మధ్య మా దగ్గరకు వచ్చారు. ఆయన పంపిన పన్నెండు పేజీల అగ్రిమెంటు సంతకం లేకుండా అలాగే ఉండిపోయింది. కానీ "రేట్లు ఓకే, సోమవారం పని మొదలుపెట్టండి" అన్న మెయిలు, ఆ మర్నాడే బ్యాంకులో జమ అయిన అడ్వాన్సు ఆయన దగ్గర ఉన్నాయి. ఆ రెండింటినీ జతచేసి లీగల్ నోటీసు ఇచ్చాక, అంతవరకూ "అసలు ఒప్పందమే లేదు" అన్న క్లయింటు "పని నాణ్యత బాగాలేదు" అని జవాబు రాశారు. నాణ్యత గురించి వాదించేవారు ఒప్పందం ఉందని ఒప్పుకున్నట్టే. మాకు కావలసింది కూడా అదే.

ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా వివాదంలో సుప్రీంకోర్టు 2010లోనే ఈ సంగతి తేల్చింది: ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో కుదిరిపోయాక, లాంఛనంగా రాసుకోవలసిన పత్రం మిగిలిపోయినంత మాత్రాన ఒప్పందం లేకుండా పోదు.

అపోహ: డ్రాఫ్టు పంపాం, అటువైపు ఎవరూ కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే.

వాస్తవం: మౌనం అర్ధాంగీకారమన్న మాట పెళ్లిచూపుల్లో నడుస్తుందేమో గానీ, వ్యాపారంలో ఉత్త మౌనం అంగీకారం కాదు. అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి; "అంతా బాగుంది, కానీ పేమెంటు 90 రోజులకు మార్చండి" అని వచ్చిన జవాబు కొత్త ప్రతిపాదన అవుతుంది. సంతకాలు అయ్యేదాకా ఎవరికీ బాధ్యత లేదని ఇరుపక్షాలు ముందే రాసుకుంటే, ఆ మాటకు విలువ ఉంటుంది.

అపోహ: అయితే అన్నింటికీ మెయిలు చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, బదిలీ చేసేవారి లేదా వారు అధికారమిచ్చిన ఏజెంటు సంతకంతో ఉండాలి. బయటి ఫ్రీలాన్సరు చేత లోగో వేయించుకుని, డబ్బు కట్టేశాం కాబట్టి హక్కులూ మనవే అనుకునే స్టార్టప్‌లు ఈ సెక్షన్‌ను ఒకసారి చదవాలి. కోర్టులో దావా వేసే గడువు మీరిపోయిన బాకీని తీరుస్తానన్న కొత్త హామీకి కూడా రాత, సంతకం రెండూ కావాలి. ప్రభుత్వంతో చేసుకునే కాంట్రాక్టులకు రాజ్యాంగం 299వ అధికరణంలో ప్రత్యేక పద్ధతి ఉంది.

అపోహ: బాండ్ పేపర్ (స్టాంపు కాగితం) మీద లేకపోతే చెల్లదు.

వాస్తవం: స్టాంపు సుంకం లోపాన్ని సుంకం, జరిమానా కట్టి సరిదిద్దుకోవచ్చు. సుంకం సరిగా కట్టని పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించరు గానీ అంతమాత్రాన అది రద్దు కాదని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023లో చెప్పింది.

అపోహ: వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఉంది, కేసు గెలిచినట్టే.

వాస్తవం: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతో పాటు, దాన్ని ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అవతలివారు ఆ స్క్రీన్‌షాట్ కల్పించినదంటే అసలు ఫోన్ చూపించవలసి రావచ్చు. ఒక కేటరింగ్ యజమాని ఆర్డరు మాట్లాడుకున్న చాట్ ఉన్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, ఆ తరువాతి వారమే మా దగ్గరకు వచ్చారు. ఆయన వంటల సరంజామా దింపిన ఆటో డ్రైవరును సాక్షిగా వెతకడానికి మాకు రెండు నెలలు పట్టింది.