చేతుల నొప్పులు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. మోకాళ్ళు, నడుము తర్వాత నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది చేతుల నొప్పులే. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు, పొందూరులో నూలు వడికే పెద్దమ్మలు, జూట్ మిల్లులో చేసినోళ్ళు, టైలర్లు, తాపీ మేస్త్రీలు, ఇంటి చాకిరీ అంతా చేసే గృహిణులు, ఈమధ్య ఫోన్ కింద పెట్టని కుర్రాళ్ళు కూడా. అందరూ చెప్పేది ఒకటే మాట, "సెయ్యి నొప్పి". అందరూ వాడేసి వచ్చేదీ ఒకటే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర. నేను మాత్రం ముందు మూడు అడుగుతాను: ఏ వేలు, ఏ టైములో, ఏ పని చేస్తుంటే. ఇవి సరిగ్గా చెప్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది, స్కానింగులూ గీనింగులూ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: తిమ్మిరంటే నరాల బలహీనత, బలం ఇంజెక్షన్లు పొడిపించుకుంటే పోద్ది

జీడిపిక్కల పనికెళ్ళే ఒకావిడ వచ్చింది. "బాబూ, రాత్రి ఒంటిగంటకి సెయ్యంతా తిమ్మిరెక్కిపోయి మెలకువొచ్చేస్తంది, ఇలా ఇలా దులిపితే గానీ తగ్గదు" అని చెయ్యి విదిలించి చూపించింది. ఆ విదిలించడం చూస్తేనే నాకు సగం అర్థమైపోయింది. "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా అమ్మా?" అంటే వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుని "నేదు బాబూ, ఇది బాగానే ఉంది" అంది. రెండు చేతుల వెనక భాగాలూ ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక్క నిమిషం అలాగే ఉంచమన్నాను, నిమిషం నిండకుండానే "ఇదే బాబూ, ఇదే వచ్చేస్తంది" అంది. అప్పటికే ఎవరో చెప్పారని బీ12 ఇంజెక్షన్లు ఒక కోర్సు అయిపోయాయి పాపం.

వాస్తవం: దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు దగ్గర ఒక సన్నటి సొరంగం లాంటి దారి ఉంటుంది, అందులోంచి వేళ్ళు ముడిచే 9 స్నాయువులూ (కండని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి), వాటితోపాటే మీడియన్ నరం అనే ఒక్క నరమూ వెళ్తాయి. సంక్రాంతి ముందురోజు కాంప్లెక్స్ నుంచి బయల్దేరే పల్లెవెలుగు బస్సు అనుకోండి, ఇంకొక్కడు ఎక్కినా అందరికీ ఊపిరాడదు. స్నాయువులు కాస్త వాచాయంటే నలిగేది నరమే. ఆ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం, అంతవరకే చూసుకుంటుంది, చిటికెన వేలు దాని పరిధి కాదు. అందుకే ఆ ప్రశ్న. చిటికెన వేలే తిమ్మిరెక్కుతోందంటే అది వేరే నరం, అల్నార్ అంటారు, ఎక్కువసార్లు మోచెయ్యి దగ్గర నలుగుతుంది.

షుగరు, థైరాయిడ్ తక్కువ ఉండటం, గర్భం, కీళ్ళవాతం, వీటిల్లో ఏది ఉన్నా ఇది వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇంజెక్షన్ కంటే ముందు షుగరు, థైరాయిడ్ చూపించుకోండి. బీ12 నిజంగా తక్కువ ఉన్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్ మంచిదే, కాదనను, కానీ నలిగిన నరం మీద ఒత్తిడిని అది తీయదు కదా. మొదట్లో అయితే రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు తిన్నగా ఉంచే స్ప్లింట్ కొన్ని వారాలు వేసుకుంటే చాలామందికి తేడా కనిపిస్తుంది. చాలదంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ చాలదంటే చిన్న ఆపరేషన్, చెయ్యి వరకు మత్తిచ్చి చేసి అదే రోజు ఇంటికి పంపిస్తారు. బొటనవేలి కింద కండ చప్పబడిపోయినా, చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నా ఇంక స్ప్లింట్ పెట్టుకుని కూర్చోకండి, ఆర్థో డాక్టరుకి చూపించండి, ఎందుకంటే కరిగిపోయిన కండ మళ్ళీ పూర్తిగా వస్తుందన్న గ్యారంటీ లేదు.

అన్నట్టు "నరం మీద నరం ఎక్కింది" అని గట్టిగా తోమి దింపేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. నరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవండి. తోముడుకి కండ పట్టు వదిలి హాయిగా అనిపిస్తే సరే, కానీ తిమ్మిరెక్కిన చేతికి మరిగే నూనె, వేడి ఇసక కాపడం మాత్రం వద్దు, స్పర్శ తగ్గిన చోట కాలినా తెలీదు.

అపోహ: చేతి నొప్పులన్నీ మెడ నుంచే

కొన్ని మెడ నుంచే, నిజమే. మెడ తిప్పితే నొప్పి భుజం మీంచి చేతిలోకి జివ్వున దిగుతుంటే మెడ సంగతి చూడాలి. అయితే నలభై దాటినవాళ్ళ మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల చాలామందిలో కనిపిస్తుంది, ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా. ఎక్స్‌రేలో "స్పాండిలోసిస్" అని రాసుంది కదా అని మెడకి పట్టీ కట్టేసుకుని తిరుగుతారు, అసలు జబ్బు మణికట్టులో ఉంటుంది.

అపోహ: బాలింత చల్లనీళ్ళు ముట్టుకుంది, అందుకే మణికట్టు పట్టేసింది

నీళ్ళ తప్పు కాదు. బిడ్డని చంకల కింద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్ళు చాచి రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతుందో లెక్కుందా? బొటనవేలి వైపు మణికట్టు దగ్గర రెండు స్నాయువులు ఒరుసుకుని వాస్తాయి. దీన్ని 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వాన్ వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూసి, చెయ్యిని చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి, ప్రాణం పోయినట్టుంటే చాలావరకు ఇదే. బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్, ఎత్తే పద్ధతి మార్చడం, అంటే అరచెయ్యి బిడ్డ కింద పెట్టి ఒడిసి ఎత్తడం. అత్తగారు నాలుగు రోజులు బిడ్డని ఎత్తుకుంటే ఇంకా మంచిది, ఇది మందుల చీటీలో రాయలేం గానీ.

అపోహ: వాతం నొప్పులు, వంకాయ గోంగూర మానేస్తే తగ్గిపోతాయి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి పిడికిలి మూయలేకపోవడం, అది అరగంట, గంట దాటినా వదలకపోవడం, రెండు చేతుల్లోనూ వేళ్ళ మొదట్లో కణుపులు వాచి నొక్కితే నొప్పి, ఇలా వారాల తరబడి ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఏమో అని చూడాలి. ఆడవాళ్ళలో ఎక్కువ. మన రోగనిరోధక శక్తే కీళ్ళ పొర మీద పడే జబ్బు ఇది, వంకాయకి ఏ సంబంధమూ లేదు. పథ్యాలు చేస్తూ ఏడాది గడిపేస్తే ఈలోగా కీళ్ళు తినేస్తుంది, వేళ్ళు వంకర్లు పోయాక మందులు వాటిని తిన్నగా చెయ్యలేవు. విశాఖ వెళ్ళాల్సొచ్చినా సరే రుమటాలజిస్టుకి, అంటే ఇలాంటి కీళ్ళ జబ్బులు చూసే డాక్టరుకి, త్వరగా చూపించుకోండి. దీనికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు, పాజిటివ్ వస్తే ఉన్నట్టేననీ కాదు.

ఇంకోటి, దీనికి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఆ రోజేదో క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టండి.

వేళ్ళ చివరి కణుపుల దగ్గర గట్టి బుడిపెలొచ్చి, బిగుతు పొద్దున్నే కాసేపు ఉండి వదిలేస్తే మాత్రం అది వయసుతో వచ్చే అరుగుదల, రెండిటికీ వైద్యం వేరు.

అపోహ: నొప్పి మాత్రే కదా, ఏం కాదు

మిగతా ఊళ్ళవాళ్ళు ఎలా ఉన్నా మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం వాళ్ళు ఈ మాట అనకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం, పలాస, ఎక్కడ చూసినా కిడ్నీ జబ్బులే, పలాసలో 2023లో కిడ్నీ ఆస్పత్రే కట్టాల్సొచ్చింది. అక్కడి జబ్బుకి కారణం నొప్పి మాత్రలే అనట్లేదు. కానీ డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవాళ్ళకి ఇంకా ప్రమాదం. ఇదే డైక్లోఫినాక్ పెట్టిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని పశువుల వైద్యంలో 2006లోనే నిషేధించారు. మనుషులకి అంత సున్నితం కాదు గానీ, కొంగుకి స్ట్రిప్పు కట్టుకుని టీతో రోజూ రెండేసి మింగేవాళ్ళని చూస్తుంటాను. ఆ ప్రాంతం వాళ్ళు, షుగరు బీపీ ఉన్నవాళ్ళు క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోకుండా ఈ మాత్రల కోర్సు మొదలుపెట్టకండి. చేతి వేళ్ళకి పైన రాసే జెల్ చాలాసార్లు సరిపోతుంది, ఒంట్లోకి వెళ్ళే మందు చాలా తక్కువ. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉంటే అదీ డాక్టరుని అడిగాకే.

అపోహ: మెటికలు విరిస్తే కీళ్ళు అరుగుతాయి

అరగవు. ఆ చప్పుడు కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల. అమెరికాలో డోనాల్డ్ అంగర్ అనే డాక్టరు 60 ఏళ్ళకి పైగా ఒక్క ఎడమ చేతి మెటికలే విరిచి, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదని తేల్చాడు, 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. విరిస్తే నొప్పి, వాపు ఉంటే తప్ప పిల్లల్ని తిట్టకండి.

అపోహ: వేలులో ఇంజెక్షన్ చేస్తే చెయ్యి పడిపోద్ది

వేలు ముడిస్తే అక్కడే లాక్ అయిపోయి, లాగితే టక్కుమని తెరుచుకోవడం ట్రిగ్గర్ ఫింగర్. షుగరున్నవాళ్ళలో ఎక్కువ. చాలామందికి ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో వదిలేస్తుంది, చెయ్యి పడిపోదు. షుగరు మాత్రం కొన్ని రోజులు పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి.

అపోహ: ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, బెణుకే

బండి మీంచి పడి చెయ్యి ఆనించారు, బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది, దాని పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు. పట్టీ వేయించుకుని పది పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయించాలి. నాటు కట్టు కట్టించేసి వదిలేస్తే ఆ ఎముకకి రక్తం అందక చచ్చుబడే ప్రమాదం ఉంది.

అపోహ: నొప్పి లేదు, మొద్దుబారింది అంతే, పరవాలేదు

నాకు నొప్పి కంటే దీనికే భయం ఎక్కువ. పొయ్యి మీద గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియక బొబ్బలొచ్చాయంటే, దానికి తోడు ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నా, చిటికెనవేలు, ఉంగరం వేలు వంకర తిరుగుతున్నా కుష్టు ఉందేమో చూడాలి. పేరు చెప్పగానే మొహాలు మాడిపోతాయి, "మా ఇంట్లో ఎవరికీ నేదు" అంటారు. వంశపారంపర్యం కాదది, బాక్టీరియాతో వచ్చేది, ఎండీటీ అనే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమైపోతుంది. మీ ఊరి ఆశా కార్యకర్తకి చెప్పినా పీహెచ్‌సీకి తీసుకెళ్తుంది.