ఓడిన ఓటు ఎక్కడికి పోతుంది?

పిల్లలూ,

మొన్న "తాతయ్యా, నువ్వు వేసినవాళ్లు ఎప్పుడూ గెలవరు కదా, మరి ఎందుకెళ్తావు?" అని అడిగి నవ్వారు. నిజమే, నేను ఓటేసినవాళ్లలో ఓడినవాళ్లే ఎక్కువ. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేక టీవీ వైపు తిరిగాను, అందుకే ఈ ఉత్తరం.

ఓటంటే లాటరీ టికెట్ అనుకుంటున్నట్టున్నారు, నంబరు తగలకపోతే చించెయ్యడమే అని. ఓడిన ఓటును ఎవరూ చించరు, దాన్నీ లెక్కపెట్టి రాస్తారు. స్విట్జర్లాండ్‌లో 1959లో ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలా అని ప్రజల్ని అడిగారు, అంటే మగవాళ్లని అన్నమాట, అప్పటికి దేశస్థాయిలో ఓటున్నది వాళ్లకే. మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. ఓడిపోయారా, ఓడిపోయారు. కానీ లెక్క విప్పి చూస్తే జెనీవాలాంటి మూడు ప్రాంతాల్లో సరే అన్నవాళ్లే ఎక్కువని తేలింది, మరుసటి ఏడాదే జెనీవా తన ప్రాంతం వరకు ఆడవాళ్లకు ఓటు ఇచ్చేసింది. 1971లో దేశమంతటా మళ్లీ అడిగితే ఈసారి మూడింట రెండొంతుల మంది సరే అన్నారు. 1959లో "ఎలాగూ ఓడిపోతాంలే" అని ఆ మూడో వంతు ఇంట్లో కూర్చుని ఉంటే, సరే అనేవాళ్లు అంతమంది ఉన్నారని ఎవరికి తెలిసేది?

ఒక్క ఓటు తేడా కథలు కూడా ఉన్నాయి. 2017లో అమెరికాలోని వర్జీనియాలో ఒక సీటుకు ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లే వస్తే చివరికి చీటీ తీసి తేల్చారు. కానీ అది ఎప్పుడో గానీ జరగదు, దాన్ని చూపించి మిమ్మల్ని రమ్మనను.

ఇంకో సంగతి. ఎవరికి వేశామన్నది రహస్యమే గానీ, వచ్చామా లేదా అన్నది జాబితాలో మన పేరు దగ్గర గుర్తు పెడతారు. ఏ వీధివాళ్లు వస్తారు, ఏ వయసువాళ్లు రారు అని పార్టీలవాళ్లు బాగానే లెక్కలు వేసుకుంటారు. కుర్రాళ్లు రారని తేలితే, మీ చదువుల గురించీ ఉద్యోగాల గురించీ వాళ్లకెందుకు టెన్షన్?

నేనూ ఒకసారి బద్ధకించి వెళ్లలేదు. నేను వేద్దామనుకున్నాయన చాలా తేడాతో ఓడిపోయాడు, నేను వెళ్లినా మారేదేమీ లేదు. కానీ మళ్లీ ఎన్నికలొచ్చేదాకా నేను పేపరు చూసి ఏం గొణిగినా మీ నానమ్మ తలెత్తకుండానే "మీరు వెళ్లలేదుగా" అనేది.

మీ తాతయ్య